తెర మీదకు రాని స్టార్ వార్స్

1976 నవంబరులో అమెరికా పుస్తకాల షాపుల్లోకి బాలంటైన్ సంస్థ వేసిన ఓ పేపర్‌బ్యాక్ నవల వచ్చింది. పేరు 'స్టార్ వార్స్'. అట్ట మీద రచయిత పేరు జార్జ్ లూకస్. ఆ పేరుతో ఒక సినిమా వస్తోందని అప్పటికి తెలిసినవాళ్లు తక్కువ. ల్యూక్ స్కైవాకర్ ఎవరో, నల్లని శిరస్త్రాణం వెనక గుర్రుమని ఊపిరి తీసే డార్త్ వేడర్ ఎవరో జనానికి తెలియదు. నిజానికి ఆ నవల రాసింది లూకస్ కాదు. ఆయన స్క్రీన్‌ప్లే చేతికిస్తే, అలాన్ డీన్ ఫాస్టర్ అనే ముప్పై ఏళ్ల రచయిత దాన్ని నవలగా మలిచి ఇచ్చాడు. సినిమా విడుదలైంది 1977 మే 25న. అంటే స్టార్ వార్స్ ముందు పుస్తకమై పుట్టి, ఆరు నెలల తర్వాత తెర మీదకు వచ్చింది.

కామిక్స్ కూడా సినిమా కోసం ఆగలేదు. రాయ్ థామస్ రాసి, హోవార్డ్ చేకిన్ బొమ్మలు వేసిన మార్వెల్ కామిక్ తొలి సంచిక సినిమా కంటే కొన్ని వారాల ముందే అమ్మకానికి వచ్చింది. మొదటి ఆరు సంచికల్లో సినిమా కథ అయిపోయింది. తర్వాత ఏం రాయాలో ఎవరికీ తెలియకపోయినా పుస్తకం ఆగలేదు. 1986 దాకా 107 సంచికలు నడిచింది. ఆ రోజుల్లో డబ్బుకు కటకటలాడుతున్న మార్వెల్‌ను ఈ కామిక్ అమ్మకాలే గట్టెక్కించాయని ఆ సంస్థకు ఎడిటర్ ఇన్ చీఫ్‌గా పనిచేసిన జిమ్ షూటర్ తర్వాత చెప్పాడు.

పాత తెలుగు సినిమా పత్రికలు చదివినవాళ్లకు 'వెండితెర నవల' కొత్త కాదు. ఇంట్లో వీడియో లేని కాలంలో నచ్చిన సినిమాను మళ్లీ చూసుకోవడానికి అదొక దారి. స్టార్ వార్స్ పుస్తకాలు అక్కడే మొదలై అంతకు చాలా దూరం వెళ్లాయి. సినిమా కథను తిరిగి చెప్పేవి ఒక రకం. సినిమా ఆగిన చోటి నుంచి కథను ముందుకు నడిపేవి రెండో రకం. రెండు సినిమాల మధ్య ఖాళీలో దూరి, అక్కడ జరిగి ఉండగలిగినది చెప్పేవి మూడో రకం. మూడూ కలిపితే నవలలు, కామిక్స్ కొన్ని వందలు తేలతాయి.

ఇన్ని పుస్తకాలున్నా వీటి మీద సరైన సమీక్షలు అరుదు. సాహిత్య విమర్శకులు అట్ట మీద సినిమా పేరు చూడగానే పక్కన పెట్టేస్తారు. ఇక అభిమానులు చదివి, గంటల తరబడి వాదించుకుంటారు కానీ వాళ్ల వాదన చాలాసార్లు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఇది అధికారిక కథలో లెక్కకొస్తుందా, రాదా? బాగా రాశాడా లేదా అన్నది రెండో మాట. స్టార్ వార్స్ పుస్తకాల చరిత్ర చూస్తే ఈ రెండు పద్ధతులూ పనికిరావని తేలుతుంది. ఎందుకంటే అధికారికమన్న ముద్ర ఇక్కడ ఒకసారి రావడం, పోవడం, మళ్లీ తిరిగి రావడం కూడా జరిగింది. పుస్తకం మంచిచెడ్డలు మాత్రం అప్పుడూ ఇప్పుడూ పేజీలోనే ఉన్నాయి.

పొగమంచు గ్రహం, పచ్చ కుందేలు

ఫాస్టర్ ఒప్పందంలో రెండో నవల కూడా ఉంది. 1978లో వచ్చిన ఆ 'స్ప్లింటర్ ఆఫ్ ది మైండ్స్ ఐ' ఎలా పుట్టిందో తెలిస్తేనే అది అలా ఎందుకుందో అర్థమవుతుంది. మొదటి సినిమా అంతంతమాత్రంగా ఆడితే, తక్కువ ఖర్చులో రెండో సినిమా తీసుకోవడానికి ఒక కథ సిద్ధంగా ఉండాలని లూకస్ ఆలోచన. అందుకే కథంతా మింబన్ అనే గ్రహం మీద, పొగమంచులో నడుస్తుంది. మంచు కమ్మేసిన చోట పెద్ద సెట్లు అక్కర్లేదు. హాన్ సోలో కనిపించడు, ఎందుకంటే ఆ పాత్ర వేసిన హారిసన్ ఫోర్డ్ తర్వాతి సినిమాకు అప్పటికి సంతకం చేయలేదు. ఇక ల్యూక్, యువరాణి లేయాల మధ్య ప్రేమ చిగురిస్తున్నట్టు రాశాడు ఫాస్టర్. వాళ్లిద్దరూ కవల పిల్లలని 1983లో వచ్చిన 'రిటర్న్ ఆఫ్ ది జెడై' చెప్పాక ఆ పేజీలు చదవడం పాఠకులకు ఇబ్బందిగానే ఉంటుంది.

ఈ నవలను తప్పుల పుస్తకంగా కొట్టిపారేసిన వాళ్లున్నారు. కానీ రాసేనాటికి ఫాస్టర్‌కు తెలిసింది ఒక్క సినిమా. ఆ ఒక్క సినిమాను పట్టుకుని ఆయన అల్లినది చిన్న సాహసగాథ: తెలియని గ్రహం, ఒక మహిమగల స్ఫటికం, దాని కోసం వేట, చివర వేడర్‌తో కత్తియుద్ధం. కథనం చురుగ్గా సాగుతుంది, మధ్యలో గనుల్లో తిరిగే భాగం మాత్రం సాగదీసినట్టుంటుంది. దీన్ని తూచాల్సింది 1978 తూకంతో.

మార్వెల్ కామిక్‌లో ఇంకా వింతలున్నాయి. ఎనిమిదో సంచికలో జాక్సన్ అనే పాత్ర వస్తుంది. ఎర్ర దుస్తులు వేసుకున్న, మనిషంత ఎత్తున్న పచ్చ కుందేలు! హాన్ సోలోతో కలిసి ఒక పల్లెను దోపిడీ మూక నుంచి కాపాడుతుంది. కురొసావా 'సెవెన్ సమురాయ్' నీడ ఆ కథ మీద స్పష్టంగా కనిపిస్తుంది. హాన్‌ను వేధించే జబ్బా ఇందులో రెండు కాళ్ల మీద నిలబడే, మీసాలున్న సన్నటి జీవి. సినిమాలో జబ్బా ఎలా ఉండబోతున్నాడో బొమ్మలు వేసినవాళ్లకు తెలియదు. ఆరేళ్ల తర్వాత తెర మీద కొండంత జలగలా కనిపించాడు. కుందేలును చాలామంది వెక్కిరించారు, కొందరు నెత్తిన పెట్టుకున్నారు. స్టార్ వార్స్ అంటే ఇలాగే ఉండాలన్న నియమం ఇంకా పుట్టని కాలం నాటి స్వేచ్ఛ మాత్రం ఆ పాత సంచికల్లో తెలుస్తుంది. తర్వాతి కామిక్స్ బొమ్మల్లో ఎంతో ముందుకెళ్లినా ఆ తెగువ వాటిలో తక్కువ.

నీలి రంగు సేనాని

1983 తర్వాత సినిమాలు లేవు, కామిక్ ఆగింది, బొమ్మల అమ్మకం కూడా మందగించింది. ఆ స్తబ్దతను 1991లో ఒక నవల బద్దలు కొట్టింది. టిమోతీ జాన్ రాసిన 'ఎయిర్ టు ది ఎంపైర్' న్యూయార్క్ టైమ్స్ బెస్ట్ సెల్లర్ జాబితాలో మొదటి స్థానానికి ఎక్కింది. తర్వాతి రెండేళ్లలో మరో రెండు భాగాలు వచ్చి మూడు నవలల కథ పూర్తయింది.

'రిటర్న్ ఆఫ్ ది జెడై' తర్వాత ఐదేళ్లకు ఈ కథ మొదలవుతుంది. చక్రవర్తి చనిపోయాడు, సామ్రాజ్యం కుంచించుకుపోయింది. అప్పుడు గ్రాండ్ అడ్మిరల్ థ్రాన్ వస్తాడు. నీలి చర్మం, ఎర్రటి కళ్లు. అతనికి మంత్రశక్తి లేదు, జెడై యోధులకుండే ఫోర్స్ అనే అతీత శక్తీ లేదు. శత్రు జాతి గీసిన చిత్రాలు, చెక్కిన శిల్పాలు చూసి వాళ్ల మనసు ఎటు పోతుందో, యుద్ధంలో ఎక్కడ తడబడతారో పసిగడతాడు. వేడర్ తప్పు చేసిన అధికారి గొంతు నులుముతాడు. థ్రాన్ తప్పు చేసినా కొత్తగా ఆలోచించినవాడికి పదోన్నతి ఇస్తాడు. సినిమా విలన్‌ను తిరగరాయకుండా పూర్తిగా వేరే విలన్‌ను తేవడం జాన్ సాధించిన అసలు విజయం.

లోపాలూ ఉన్నాయి. ఫోర్స్ పనిచేయకుండా చుట్టూ అడ్డుకట్ట వేసే యిసలమిరి అనే జంతువులను జాన్ సృష్టించాడు. కథ మొదట్లో అది గొప్ప ఊహ అనిపిస్తుంది. ల్యూక్‌ను ఇరకాటంలో పెట్టాలన్న ప్రతిసారీ అవే ప్రత్యక్షమవుతుంటే మాత్రం రచయిత సౌకర్యం కనిపించిపోతుంది. ల్యూక్ కూర్చుని హాట్ చాక్లెట్ తాగే దృశ్యం మీద అభిమానులు ఇప్పటికీ జోకులేసుకుంటారు. అయినా చక్రవర్తి రహస్య దూతగా పనిచేసి, ల్యూక్‌ను చంపాలన్న పగతో రగిలే మారా జేడ్ లాంటి పాత్ర అప్పటి సినిమాల్లో లేదు. సామ్రాజ్య రాజధానికి కొరసాంట్ అన్న పేరు కూడా జాన్ పెట్టిందే. 1999లో 'ది ఫాంటమ్ మెనస్'లో అదే పేరు తెర మీద వినిపించింది. పుస్తకం సినిమాకు పేరు పెట్టింది.

సరిగ్గా అదే కాలంలో డార్క్ హార్స్ సంస్థ 'డార్క్ ఎంపైర్' కామిక్ తెచ్చింది. రచన టామ్ వీచ్, బొమ్మలు కామ్ కెనెడీ. ఇందులో చనిపోయిన చక్రవర్తి పాల్పటీన్ క్లోన్ దేహంలోకి దూరి తిరిగొస్తాడు. ల్యూక్ అతణ్ని లోపలి నుంచి ఓడించాలని చెడు పక్షంలో చేరతాడు. కెనెడీ రంగులు నీలం, ఆకుపచ్చ మసకలో ముంచెత్తి పీడకల చూస్తున్నట్టు అనిపిస్తాయి. కథ మాత్రం తొందరపడుతుంది. ల్యూక్ పతనం లాంటి పెద్ద విషయం కొన్ని పేజీల్లోనే జరిగిపోతుంది. చచ్చిన విలన్‌ను లేపితే, అతణ్ని చంపడానికి వేడర్ చేసిన త్యాగానికి విలువేముందని అప్పట్లోనే విమర్శ వచ్చింది. 2019లో 'ది రైజ్ ఆఫ్ స్కైవాకర్' సినిమా సరిగ్గా అదే పని చేసి, సరిగ్గా అదే విమర్శ మూటగట్టుకుంది.

1996 నాటి 'షాడోస్ ఆఫ్ ది ఎంపైర్' ఇంకో ప్రయోగం. సినిమా ఒక్కటి తప్ప సినిమాతో వచ్చేవన్నీ వచ్చాయి: స్టీవ్ పెర్రీ నవల, డార్క్ హార్స్ కామిక్, వీడియో గేమ్, బొమ్మలు, చివరికి సంగీతం ఆల్బమ్ కూడా. ఒకే కథను నవల ఒక వైపు నుంచి, కామిక్ బోబా ఫెట్ వైపు నుంచి, గేమ్ డాష్ రెండార్ అనే కొత్త పాత్ర వైపు నుంచి చెప్పాయి. నవలను విడిగా చదివితే సాదాసీదాగా ఉంటుంది. పక్కన కామిక్ పెట్టుకుంటే ఒకదాని ఖాళీలో ఇంకొకటి ఇమిడి, రెండింటి బలం పెరుగుతుంది. ఇలాంటివాటిని విడివిడిగా సమీక్షించి మార్కులేస్తే అన్యాయమే.

చూబాకా చావు, 2014 తీర్పు

అనుబంధ నవలలకు పుట్టుకతో వచ్చే జబ్బు ఒకటుంది. ముఖ్య పాత్రలు చావవని పాఠకుడికి ముందే తెలుసు. ఎంత పెద్ద ప్రమాదం వచ్చినా ల్యూక్, లేయా, హాన్ బయటపడి తీరతారు. ఉత్కంఠ ఎక్కడి నుంచి వస్తుంది? 1999లో ఆర్.ఎ. సాల్వటోర్ రాసిన 'వెక్టర్ ప్రైమ్' ఈ జబ్బుకు కత్తితోనే వైద్యం చేసింది. 19 నవలల 'న్యూ జెడై ఆర్డర్' వరసలో అది మొదటిది. ఒక చందమామను గ్రహం మీద కూలుస్తారు శత్రువులు. హాన్ నేస్తం చూబాకా అతని కొడుకును కాపాడి అక్కడే ఉండిపోతాడు, చనిపోతాడు. ఎవరూ క్షేమం కాదని చెప్పడానికి స్టార్ వార్స్ హక్కులున్న లూకస్‌ఫిల్మ్ సంస్థ కావాలని తీసుకున్న నిర్ణయమది. రచయిత మీద మాత్రం అభిమానుల కోపం వరదలా వచ్చిపడింది.

నవలగా అది మధ్యరకం. యూజాన్ వాంగ్ అనే శత్రుజాతి పరిచయం బరువుగా నడుస్తుంది. కానీ ఆ చావు తర్వాత హాన్‌ను కుంగదీసే దుఃఖం, కొడుకుతో తెగిపోయే మాట, ఇవి తర్వాతి పుస్తకాల్లో చాలా లోతుగా సాగాయి. ఒక పుస్తకంలో పడిన దెబ్బ మరో పుస్తకంలో సలుపుతూ ఉండటం ఆ వరసకు ప్రాణం పోసింది.

2012లో డిస్నీ 405 కోట్ల డాలర్లకు లూకస్‌ఫిల్మ్‌ను కొనుక్కుంది. కొత్త సినిమాలు తీయాలంటే పుస్తకాల్లో ఇప్పటికే రాసేసిన భవిష్యత్తు అడ్డం. 2014 ఏప్రిల్ 25న సంస్థ తేల్చి చెప్పింది: పాత నవలలు, కామిక్స్ ఇక 'లెజెండ్స్', అంటే కట్టుకథలు. ముద్రణ ఆగదు, అధికారిక కథలో మాత్రం వాటికి చోటు లేదు. ఇరవై ఏళ్లు ఆ పుస్తకాలతో పెరిగినవాళ్లకు అది పెద్ద దెబ్బ. చూబాకా 2015 సినిమాలో హాయిగా తిరిగాడు. మారా జేడ్ లేకుండా పోయింది. థ్రాన్ మాత్రం 2016లో 'రెబెల్స్' యానిమేషన్ సిరీస్ ద్వారా తిరిగొచ్చాడు. ఆ మరుసటేడు జాన్ చేతనే అతని మీద కొత్త నవల రాయించారు. 2023లో 'అసోకా' సిరీస్‌లో నటుడు లార్స్ మికెల్సెన్ ఆ పాత్ర వేశాడు. కొట్టేసిన పుస్తకంలోని పాత్రకే మళ్లీ పట్టం కట్టారు. 'లెక్కకొస్తుందా' అన్న ప్రశ్నతో సమీక్ష రాస్తే ఆ సమీక్షను పదేళ్లకోసారి మార్చుకోవాల్సిందే.

కొత్త అరలో ఏమున్నాయి

కొత్త లెక్క మొదలయ్యాక వచ్చిన నవలల్లో చక్ వెండిగ్ 'ఆఫ్టర్‌మాత్' (2015) పాఠకులను రెండుగా చీల్చింది. చిన్న చిన్న వాక్యాలు, అంతా వర్తమాన కాలంలో. కొందరికి అది సినిమా చూస్తున్నట్టనిపిస్తే, కొందరికి ఊపిరాడలేదు. ప్రధాన కథ కంటే మధ్యమధ్య వచ్చే చిన్న అధ్యాయాలే బలం. ఆ ముక్కల్లో పుట్టిన కాబ్ వాంథ్ అనే పాత్ర 2020లో 'ది మాండలోరియన్' సిరీస్‌లో కనిపించింది.

అదే ఏడాది వచ్చిన క్లాడియా గ్రే 'లాస్ట్ స్టార్స్' అంత ఆర్భాటం లేకుండా వచ్చి అందరినీ ఆశ్చర్యపరిచింది. టీనేజీ పిల్లల కోసమని వేసిన నవల ఇది. థేన్, సియేనా ఒకే గ్రహంలో పెరిగి, ఒకే సైనిక అకాడమీలో చేరతారు. సామ్రాజ్యం ఆల్డెరాన్ గ్రహాన్ని పేల్చేశాక అతను తిరుగుబాటుదారుల్లో కలుస్తాడు. ఇచ్చిన మాట తప్పలేక ఆమె ఉండిపోతుంది. సినిమాల్లోని పెద్ద యుద్ధాలన్నీ ఇందులో జరుగుతాయి, కానీ దూరంగా, ఇద్దరు మామూలు సైనికుల కిటికీలోంచి. సామ్రాజ్యపు ఆయుధ కేంద్రం డెత్ స్టార్ పేలినప్పుడు థియేటర్లలో ఈలలు పడ్డాయి. అందులో పనిచేసే స్నేహితులున్న అమ్మాయికి అదే క్షణం ఎలా ఉంటుంది? తెర ఎన్నడూ అడగని ప్రశ్న అది. అనుబంధ సాహిత్యం ఎందుకుండాలో చెప్పడానికి ఈ నవల ఒక్కటి చాలు. చివరి భాగంలో యాదృచ్ఛికాలు కాస్త ఎక్కువయ్యాయి, అంతే.

కామిక్స్‌లో 2015లో మార్వెల్ తిరిగొచ్చింది. కొత్త 'స్టార్ వార్స్' మొదటి సంచిక దాదాపు పది లక్షల ప్రతులు పోయింది. అసలు ఆణిముత్యం మాత్రం కీరన్ గిల్లెన్ రాసి, సాల్వడోర్ లరోకా గీసిన 'డార్త్ వేడర్', 25 సంచికలు. డెత్ స్టార్ పోయింది, చక్రవర్తికి వేడర్ మీద నమ్మకం సడలింది. డెత్ స్టార్‌ను పేల్చిన కుర్రాడి ఇంటిపేరు స్కైవాకర్ అని, అంటే అతను తన కొడుకేనని వేడర్‌కు తెలిసే ఘట్టాన్ని సినిమాలు చూపలేదు. కామిక్ చూపింది. వేడర్ ముఖం ఎప్పుడూ ముసుగే, కళ్లూ కనబడవు, కనుబొమలూ కదలవు. చిత్రకారుడు నిలబడిన తీరు, నేపథ్యం, పగిలే గాజు, పాత జ్ఞాపకాల ప్యానెళ్లతో కోపాన్ని, దుఃఖాన్ని చెప్పాల్సి వచ్చింది. మాటల్లేకుండా చెప్పాడు. ఇందులోనే పుట్టిన డాక్టర్ ఆఫ్రా, నీతి నియమం లేని పురావస్తు శాస్త్రవేత్త, పాఠకులకు ఎంత నచ్చిందంటే 2016లో ఆమెకే సొంత సిరీస్ దక్కింది. లరోకా సినిమా నటుల ముఖాలను ఫొటోల్లా దింపడం కొన్నిచోట్ల బిగుసుకుపోయినట్టుంటుంది. ముసుగు పాత్రకు ఆ బాధ లేదు.

సినిమా కథనే తిరిగి చెప్పే నవలల్లో మాథ్యూ స్టోవర్ 'రివెంజ్ ఆఫ్ ది సిత్' (2005)కు సాటి దొరకడం కష్టం. సినిమాలో అనాకిన్ చెడు వైపు తిరిగి వేడర్‌గా మారడం హడావుడిగా జరిగిపోయిందని, సంభాషణలు కృతకమని విమర్శలున్నాయి. స్టోవర్ అవే సంఘటనలు తీసుకుని, కొన్ని చోట్ల పాఠకుణ్ని 'నువ్వు' అని పిలుస్తూ అనాకిన్ బుర్రలోకి లాక్కెళ్తాడు. భయం, అవమానం, నిద్రలేమి పేరుకుపోవడం కనిపిస్తుంది. ముగింపు తెలిసినా గుండె బరువెక్కుతుంది. రే కార్సన్ రాసిన 'ది రైజ్ ఆఫ్ స్కైవాకర్' నవలది వేరే పాత్ర: పాల్పటీన్ ఎలా బతికొచ్చాడో సినిమా చెప్పలేదు కాబట్టి క్లోన్ సంగతి ఆ నవల విప్పింది. ఒకటి సినిమాను లోతు చేసింది, మరొకటి సినిమా వదిలేసిన కంతలు పూడ్చింది. రెండూ పనికొచ్చేవే, కానీ సాహిత్యమనిపించుకునేది మొదటిదే.

ఎవరి ఇల్లు, ఎవరి మేకు

ఇలాంటి పుస్తకాలు రాసేవాళ్లది అద్దెకుండేవాళ్ల పరిస్థితి. గోడకు మేకు కొట్టాలన్నా యజమానిని అడగాలి. కథా సారాంశానికి సంస్థ ఆమోదం కావాలి, రాసిన పాత్రల మీద హక్కు సంస్థదే, గడువులు బిగుతుగా ఉంటాయి. 2020 నవంబరులో ఫాస్టర్, అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం కలిసి, సంస్థలు చేతులు మారాక తన పాత నవలలకు రాయల్టీ ఆగిపోయిందని బహిరంగంగా ప్రకటించేదాకా చాలామంది పాఠకులకు ఈ వ్యవహారం లోతు తెలియదు. ఇలాంటి అనుబంధ పుస్తకాల రచయితలు 2006లో సొంతంగా సంఘం పెట్టుకున్నారు, ఏటా 'స్క్రైబ్' అవార్డులు ఇచ్చుకుంటున్నారు. బయటి అవార్డుల కళ్లు వీళ్ల మీద పడవు మరి. సమీక్ష రాసేవాళ్లు రచయితకు ఎంత చోటిచ్చారు, ఇచ్చిన చోటులో ఏం చేశాడు అన్నది గమనించడం న్యాయం.

తెలుగు సినిమా కూడా ఇప్పుడీ వీధిలోకి అడుగుపెట్టింది. 'బాహుబలి' లోకం మీద ఆనంద్ నీలకంఠన్ ఇంగ్లిష్‌లో శివగామి నవలలు రాశాడు. మొదటిది 2017లో వచ్చింది. 2024లో 'కల్కి 2898 ఏడీ'కి ముందు 'బుజ్జి అండ్ భైరవ' యానిమేషన్ విడుదలైంది. 'బాహుబలి' సినిమాలో శివగామి మహారాణిగానే కనిపిస్తుంది. తండ్రిని పోగొట్టుకుని పగతో పెరిగిన పిల్లగా ఆమెను చూపింది నవలే. వీటిని సినిమా ప్రచార సరుకుగా చూసి వదిలేయకుండా, పుస్తకాలుగా చదివి బాగోగులు చెప్పే సమీక్షలు తెలుగులో రావాల్సి ఉంది.

స్టార్ వార్స్ సినిమాలు మాత్రమే చూసి, పుస్తకాల జోలికి పోనివాళ్లు 'లాస్ట్ స్టార్స్'తో మొదలుపెట్టొచ్చు. మూడు పాత సినిమాలు గుర్తుంటే చాలు. బొమ్మల కథలు ఇష్టమైతే గిల్లెన్ 'డార్త్ వేడర్', అది నచ్చితే చార్లెస్ సోల్ 2017లో మొదలుపెట్టిన మరో 'డార్త్ వేడర్'. అది 'రివెంజ్ ఆఫ్ ది సిత్' ముగిసిన క్షణం నుంచే నడుస్తుంది కాబట్టి స్టోవర్ నవల చదివాక పట్టుకుంటే ఇంకా బాగుంటుంది. జాన్ మూడు నవలలూ వరసలోనే చదవాలి, విడిగా చదివితే రుచించవు. 'న్యూ జెడై ఆర్డర్' 19 పుస్తకాలకు సిద్ధపడ్డవాళ్లు మాత్రమే 'వెక్టర్ ప్రైమ్' తెరవాలి. పచ్చ కుందేలు ఉన్న పాత మార్వెల్ సంచికలు ఎప్పుడైనా, ఎక్కడి నుంచైనా చదువుకోవచ్చు.